మురుగు గొట్టమునకు వాలు ముఖ్యము

బందరు, గుడివాడ, దివిసీమలు పల్లపు నేలలు. వాలు స్వల్పము, కొలదిగా త్రవ్వినంతనే నీరూరును. ఇట్టిచోట ఇంటి మురుగు గొట్టము వేయింపదలచినవారు తక్కువ రేటు చెప్పిన కంట్రాక్టరును గాక, వాలు పట్ట నేర్చినవానిని వెదకవలయునని మా యభిప్రాయము. 4 అంగుళముల గొట్టమునకు 40 అడుగులకు 1 అడుగు వాలిచ్చుట చిరకాలపు వాడుక. కందకము పూడ్చకమునుపే గొట్టమున నీరు నింపించి, అతుకులు కారకుండుట కన్నులార చూచి, పిమ్మటనే తుది సొమ్ము చెల్లింపుడు. మట్టి కప్పిన పిదప తప్పు కనబడదు. కారిన మురుగు బావినీట చేరును. నిలిచిన మురుగును తీయుటకు పేదవాడు గోతిలోనికి దిగవలసివచ్చును. రక్షణసాధనములు లేక మనిషి నట్లు దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. మనకు మిగిలిన నాలుగు రూపాయలకు అతని ప్రాణము వెలయా?