ఎండిన గుట్టలోని నీరు

తమిళనాడులో పాలారు నదీతీర ప్రాంతమగు రాణిపేటయందు క్రోమియం లవణములను తయారుచేసిన కర్మాగారమొకటి 1990 దశాబ్ది మధ్యకాలమున మూతపడినది. యంత్రములు ఆగినవి, కాని ఆవరణలో పోసిన లక్షన్నర టన్నులకు పైబడిన వ్యర్థము గుట్టగా మిగిలిపోయినది. ఆ పిదప ఏండ్ల తరబడి చుట్టుప్రక్కల భూగర్భజలములో క్రోమియం కనిపించుచునే వచ్చినది. కర్మాగారమే నడువనప్పుడు విషమెక్కడిదని అడుగువారికి సమాధానము ఆ గుట్ట లోపలి నీటిలో నున్నది.

గుట్టను ఱాతిబండవలె భావించుట పొరపాటు. అది నలుసుల ప్రోవు. నలుసుకును నలుసుకును నడుమ సందులు కలవు. కురిసిన వానలో కొంత పైననే జారిపోవును, కొంత లోనికి ఇంకును. ముతక పొరలలో నీరు త్వరగా దిగిపోవును. సన్నని పొడి మాత్రము, వత్తి నూనెను పట్టినట్లు, దానిని పట్టియుంచును. పట్టగలిగినంత పట్టిన పిమ్మట పైన ఇంకిన ప్రతి వానయు అడుగున ఊటను త్రోసివేయును. వాన వెలిసిన తరువాత కూడ ఈ ఊట చాలకాలము సాగును. వేసవిలో పైతేమ ఆవిరియగుచుండగా లోతేమ పైకి ప్రాకి, తాను మోసితెచ్చిన లవణమును పసుపుపచ్చని పెచ్చుగా విడిచిపోవును. మరుసటి తొలివానకు ముందుగా కరగునది ఆ పెచ్చే.

కావున నడివేసవిలో వచ్చి, కాలికి తడి అంటలేదని గుట్టను నిరపాయకరముగా వ్రాసిపోవు తనిఖీ నిరర్థకము. వానలు ముగిసిన నెలలలో గుట్ట అడుగును, దిగువనున్న బావులను పరీక్షింపవలెను. గుట్టను తొలగించుటకు ధనమును కాలమును పట్టుననుట నిజమే. అంతవరకు పైభాగమును నీరు దూరని పొరతో కప్పుటకు, ఎగువనుండి వచ్చు వాననీటిని కాలువ త్రవ్వి మళ్లించుటకు అడ్డమేమి? భూగర్భజలము గుట్ట అడుగును తాకుచోట కప్పు ఒక్కటే చాలదు. అయినను అది మొదటి పని.

త్రాగునీటిలో మొత్తము క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించరాదు. అది మించినను నీరు తేటగానే కనిపింపవచ్చును. పసుపువన్నె తేలువరకు వేచియుండుట ప్రమాదకరము. కాచుటవలన ఈ విషము పోదు, నీరు ఇగిరినకొలది చిక్కబడును. అట్టి గుట్టల దిగువనున్న బావినీటిని పరీక్ష ఫలితము తెలియువరకు త్రాగుటకును వంటకును వాడరాదు. ఆ నాళ్లలో వేరుచోటినుండి మంచినీటిని అందించు భారము గ్రామస్థులది కాదు, ప్రభుత్వముది.