కౌన్సెలర్ పక్కన ఇంకో కుర్చీ

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులోనే 2025 జులైలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయొద్దంది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పెట్టె మోసుకెళ్లినదాన్ని, ఆ రెండో మాట చదివి ప్రాణం లేచొచ్చింది. మొదటి మాట దగ్గరే నా విన్నపం. ఆ కౌన్సెలర్ పక్కన, మానసిక జబ్బు నుంచి కోలుకున్న మనిషిని కూడా జీతమిచ్చి కూర్చోబెట్టండి.

నేను చేసేది ఆ పనే. ఒక క్లినిక్‌లో, కాలేజీ వయసు పిల్లలతో. ఉద్యోగం పేరు పీర్ సపోర్ట్ వర్కర్; పిల్లలకు అక్కని. జబ్బేమిటో నేను చెప్పను, మందు మార్చను. కానీ చీటీ పట్టుకుని డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక పిల్లల అనుమానాలు వేరే ఉంటాయి. మందుల స్ట్రిప్పు రూమ్మేట్ల కంటపడితే ఏమనాలి? నాన్నమ్మకు ఏం చెప్పాలి? కడుపులో తిప్పుతోంది, మానేయొచ్చా? ఇక్కడే చాలామంది జారిపోతారు. డిప్రెషన్ మందుకు గుణం కనిపించాలంటే వారాలు పడుతుంది, ఇబ్బందులేమో మొదటి రోజుల్లోనే మొదలవుతాయి. డాక్టరు ఇది చెప్పే ఉంటారు. అయినా ‘నాకూ అలాగే తిప్పేది, మానకుండా డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను’ అని నేనంటే పిల్లాడు తలెత్తి చూస్తాడు. ‘మీరూ వాడారా అక్కా?’ అంటాడు. ఆ తర్వాత చెప్పేవి, అంతవరకు ఇంట్లో కూడా చెప్పనివి.

జబ్బుపడినవాళ్లు ఇంకొకరికేం ధైర్యం చెబుతారని పెద్దవాళ్లు అడుగుతుంటారు. అందుకే శిక్షణ. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఆ మాట దాచనని ముందే చెబుతాను. ఒంటరిగా వదలకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. రాత్రిపూట అవసరానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాయిస్తాను, హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు గనక నోట్సు చివరి పేజీలో. వారానికోసారి మా సైకాలజిస్టు నన్ను కూర్చోబెట్టి, నేను విన్నవన్నీ చెప్పించుకుంటారు. ఆ గంట లేకుంటే నేనీ పని చేయలేను.

నా భయమంతా చవకబారు నకలు గురించే. సీనియర్ విద్యార్థికి బ్యాడ్జీ తగిలించి, జూనియర్ల మీద కన్నేసి వార్డెన్‌కు చెప్పమంటే అది నిఘా. పరీక్షకు చదువుకోవాల్సిన పిల్లాడి మీద ఇంకొకరి ప్రాణం బాధ్యత పెట్టడం అన్యాయం. 2014లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలోనూ పీర్ ఎడ్యుకేటర్లున్నారు, జీతం లేని వాలంటీర్లుగా. ఆరోగ్యం గురించి నలుగురికీ చెప్పడానికి అది చాలునేమో. రోజూ ఒకరి దుఃఖం పక్కన కూర్చోవడానికి చాలదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు పెట్టే నిబంధనల్లో ఈ ఉద్యోగాన్ని పేరుపెట్టి రాయాలి. ఆ మనిషి యాజమాన్యానికి కాక, సైకాలజిస్టుకు జవాబుదారీగా ఉండాలి. నాలాంటివాళ్లకు జబ్బు తిరగబెట్టొచ్చు. అప్పుడు జీతంతో సెలవిచ్చి, కోలుకున్నాక అదే ఉద్యోగంలోకి తీసుకోవాలని కూడా రాయాలి.