సావిత్రి పెదవి ఏ రంగు?

మొన్న మాఘమాసంలో దగ్గరి బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురిని పీటల మీదికి తీసుకొస్తుంటే, నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఎనభయ్యేళ్ళు దాటిన ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఈ పిల్లకు సినిమా వేషం ఎందుకు కట్టారే?" అని పక్కనున్న కోడలిని అడిగింది. ఆ కోడలు ఎంతో ఓపికగా, "వేషం కాదత్తయ్యా, రెట్రో లుక్కు. మీ కాలంలో ఆడవాళ్ళంతా ఇలాగే ఉండేవాళ్ళుట" అని విప్పి చెప్పింది. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "మా కాలంలోనా? ఎవరూ?" అంది.

ఆ "ఎవరూ?" అన్న ఒక్క ప్రశ్నే నాచేత ఇదంతా రాయిస్తున్నది.

వేషం మీకూ తెలిసినదే. కంటి కొస దాటి కణత వైపు పైకి లేచే కాటుక తోక, విల్లులా దిద్దిన కనుబొమలు, నుదుట గుండ్రని పెద్ద బొట్టు, చెవుల మీదికి జార్చి దువ్విన జుట్టు, మోచేతుల దాకా రవిక, చెవులకు బుట్టలు, అన్నిటికీ మించి చిక్కటి ఎర్రని పెదవులు. 2018 మే నెలలో 'మహానటి' విడుదలైన తరువాత ఈ వేషం మన పెళ్ళిపందిళ్ళలోకి నడిచి వచ్చి తిష్ఠ వేసింది. ఆ చిత్రంతో నాకు పేచీ లేదు. ఒక నటి జీవితాన్ని మరొక నటి అభినయించేటప్పుడు ఆ కట్టూ బొట్టూ కావలసినవే. కీర్తి సురేష్‌కూ, ఆ చిత్రానికి దుస్తులు సమకూర్చినవారికీ జాతీయ పురస్కారాలు ఊరికే రాలేదు. నా పేచీ అంతా ఆ వేషాన్ని విడదీసి, పొట్లం కట్టి, "ఇది మీ అమ్మమ్మల అందం, ఈ సీజనుకు మాత్రమే" అని అమ్ముతున్న అంగడితోనూ, దానికి తాళం వేస్తున్న స్త్రీల పేజీలతోనూ.

ముందుగా ఆ ఎర్రని పెదవుల సంగతి చూద్దాం. 'మాయాబజార్' 1957లో వచ్చింది. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం. నలుపూ తెలుపూ చిత్రం. ఆనాడు డేరా హాలులో నేల మీద కూర్చుని చూసిన ప్రేక్షకురాలికి శశిరేఖ పెదవి బూడిదరంగులోనే కనబడింది. ఆ చిత్రానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేసింది 2010 జనవరిలో, అంటే యాభై మూడేళ్ళ తరువాత. ఆ రంగులను కంప్యూటర్ల ముందు కూర్చున్న సాంకేతిక నిపుణులు ఎంచుకున్నారు. వాళ్ళ శ్రమను తక్కువ చేయడం లేదు, కానీ ఒక ఊహను పట్టుకుని జ్ఞాపకమని పిలుస్తున్నామన్న మాట మరచిపోవద్దు. ఇప్పుడు డబ్బాల మీద 'వింటేజ్ రెడ్' అని అచ్చు వేసుకుని అమ్ముడవుతున్న ఎరుపును మన ముత్తవ తెరమీద ఎన్నడూ చూడలేదు.

ఆ కాటుక తోక కథ ఇంకా చిత్రమైనది. నలుపు తెలుపు పటానికి రంగుతో నిమిత్తం లేదు, గాఢతతోనే పని. పైనుంచీ పక్కలనుంచీ పెద్ద పెద్ద దీపాలు ముఖం మీద కురుస్తుంటే ముక్కూ, కనురెప్పా, చెంప ఎముకా అన్నీ చదునైపోతాయి. కన్ను కన్నులా కనబడాలంటే దాని చుట్టూ నల్లటి హద్దు గీయాలి, కన్ను పెద్దదిగా తోచాలంటే ఆ హద్దును కొస దాటించాలి. మొత్తం మీద అది కెమెరాకు చేసిన ఊడిగం. ముఖానికి పూసే పాన్‌కేక్ కూడా అటువంటిదే. మాక్స్ ఫాక్టర్ సంస్థ దానిని 1930ల చివర రంగుల చిత్రాల కోసమని తయారుచేసింది. మద్రాసు జెమినీ స్టూడియోలో అది లారీలకొద్దీ ఖర్చయ్యేదని అశోకమిత్రన్ తన జ్ఞాపకాలలో పరిహాసంగా రాశారు (ఆయన తమిళ రచయితే అయినా పుట్టినది మన సికింద్రాబాదులోనే). చుట్టూ దీపాలు బిగించిన ఆ మేకప్ గది ఉడుకునూ, ఆ లేపనంతో చూడముచ్చటైన ముఖాలు ఎలా వికారమయ్యేవో కూడా వర్ణించారు. ఆ శాఖలో ఒక బెంగాలీ, ఒక మరాఠీ, ఒక ధార్వాడ కన్నడిగుడు, ఒక ఆంధ్రుడు, ఇంకా ఎవరెవరో ఉండేవారట. జాతీయ సమైక్యత అక్కడ బాగానే వర్ధిల్లింది. ఆ జాబితాలో స్త్రీ మాత్రం కనబడదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే రెట్రో మురిపెంలో ఎవరూ ప్రస్తావించని విషయం ఇదే.

మన దేశపు చలనచిత్ర పరిశ్రమలో స్త్రీ ముఖానికి రంగు వేసే కుంచె స్త్రీ చేతికి రావడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ముంబయిలోని మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాల తరబడి స్త్రీలకు జుట్టు దువ్వే పనికే గుర్తింపు కార్డు ఇచ్చింది, మేకప్ పనికి ఇవ్వలేదు. ఆ పని మగవాళ్ళ జీవనోపాధి కనుక ఆడవాళ్ళు వస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్లవుతుందన్నది వాదన. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి, ఆమెతో మరికొందరూ న్యాయస్థానానికి వెళితే, 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. సంవత్సరం మళ్ళీ చదవండి: 2014. మంగళగ్రహానికి మనం పంపిన నౌక కక్ష్యలో తిరగడం మొదలుపెట్టి అప్పటికి ఏడు వారాలు.

కాబట్టి 'స్వర్ణయుగపు స్త్రీ సౌందర్యం' అని మనం నెత్తిన పెట్టుకుంటున్న ఆ ముఖంలో చాలా భాగం మగవాడు నిర్ణయించి, మగవాడు దిద్ది, మగవాడు చిత్రించినది. అందులో సావిత్రి సొంతమైనది ఆ కళ్ళ వెనుకనున్న అభినయం. అది ఏ డబ్బాలోనూ దొరకదు గనుక డబ్బాలోకి ఇమిడినదానికే ఆమె పేరు తగిలించారు.

"మరి మన అమ్మమ్మలు అలంకరించుకోలేదా?" అంటారా? ఎందుకు అలంకరించుకోలేదు! కానీ ఆ అలంకారపు పద్ధతి వేరు, కాలగణన వేరు. ఇంట్లో ఆముదపు దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని చుక్క ఆముదంతోనో నేతితోనో రంగరిస్తే కాటుక. అది కంటిలోపల ఉండేది, కణత దాకా పాకేది కాదు. పసుపూ సున్నమూ కలిస్తే కుంకుమ. (అమ్మమ్మలవన్నీ నిరపాయమని చెప్పబోవడం లేదు. కాటుకతో కలిపి లెక్కవేసే సుర్మాలో సీసం ఉంటుంది, పసిపిల్లలకు పెట్టడం ప్రమాదం. అలాగని ఇప్పటివి ఉత్తమమనీ కాదు, అంటుబొట్ల జిగురులోని ఒక రసాయనం వల్ల కొందరి నుదుట తెల్లమచ్చలు పడతాయని చర్మవైద్యులు ఏనాటినుంచో చెబుతున్నారు.)

ఇక సీజను. ఏటా రెండుసార్లు, వసంత గ్రీష్మాలకొకటి, శరద్ హేమంతాలకొకటి, కొత్త దుస్తులు ప్రదర్శించే ఆచారం పారిస్, లండన్ దుకాణాలది. అక్కడ చలి నిజం. విజయవాడలో ఊలు టోపీతో 'వింటర్ యాక్సెసరీస్' అని బొమ్మ వేసేవాడిని ఒక్క మే నెల కృష్ణ ఒడ్డున నిలబెట్టాలి. ఋతువును బట్టి అలంకారం మారడం మనకు తెలియని విద్యా? వేసవిలో మల్లెలు. వానల్లో మొగలిరేకులు. ఆషాఢంలో గోరింటాకు, అట్లతద్దికి మళ్ళీ గోరింటాకు. చలికాలంలో చేమంతులు, ముద్దబంతులు. నెల పేరునే తన పేరు చేసుకున్న డిసెంబరు పూలయితే సరేసరి! ఇంతకంటే ఖచ్చితమైన సీజనల్ ఫ్యాషన్ ఏ దేశంలో ఉందో చెప్పండి. సాయంత్రానికి వాడిపోతుంది, మరునాడు చెత్తగా మిగలదు, వచ్చే ఏడు తిరిగి అదే వస్తుంది, అయినా పాతబడిందని ఎవరూ అనరు. అంగడికి ఇందులో లాభం లేదు. నిరుడు కొన్నది ఈ ఏడు పెట్టుకోవడానికి సిగ్గుపడితేనే వాడి బండి నడుస్తుంది.

నగల సంగతికి వస్తే ముందు పేర్ల దోపిడీ జరిగింది. పాపిడిబిళ్ళ 'మాంగ్ టీకా' అయింది. బుట్టలు 'ఝుంకా'లయ్యాయి. కంటె 'చోకర్', వంకీ 'ఆర్మ్‌లెట్', వడ్డాణం 'వెయిస్ట్ బెల్ట్', కాసులపేరు 'కాయిన్ నెక్లెస్'. చెంపసరాలను ఏమంటున్నారో వినే ధైర్యం నాకు లేదు. రాగిడి, నాగరం, జడబిళ్ళ, జడకుచ్చులు, అడ్డబాస, గుత్తపూసలు - వీటిలో ఎన్నిటిని మీ ఇంటి పిల్లలు చూసి పేరు చెప్పగలరో ఒకసారి అడిగి చూడండి. వస్తువు తిరిగి వచ్చింది, నిజమే. పేరు పోగొట్టుకుని, పరాయి పేరుతో, మనకే కొత్తగా పరిచయమవుతూ వచ్చింది. తెలుగు మాట తెరమీద తెలుగు లిపిలో కనబడాలని ఫాంట్లతో కుస్తీలు పట్టిన మిత్రులారా, ఇది మీకు మంటగా లేదూ?

తరువాత జరిగినది చేతుల దోపిడీ. రెట్రో నగలుగా పెద్ద దుకాణాల అద్దాల వెనుక మెరిసే గిల్టు సామానుకు మచిలీపట్నంలోని చిలకలపూడి ఒక పుట్టిల్లు. చిలకలపూడి బంగారమన్న మాట మన సామెతల్లోకి ఎక్కినంత పని అయింది, అది కూడా ఎగతాళిగా. అచ్చు పోసేవారు, టంకం పెట్టేవారు, రాళ్ళు పొదిగేవారు, మెరుగు పెట్టేవారు, పూత వేసేవారు, ఇలా ఒక్క బుట్టల జత పలు చేతులు మారుతుంది. బంగారు పూతకు సాధారణంగా వాడే ద్రావణాల్లో సయనైడు లవణాలు ఉంటాయి. ఆ తొట్టె పక్కన నిలబడేవాడి ఊపిరితిత్తులను ఏ పత్రిక సౌందర్యపుట అయినా పరామర్శించిందా? చార్మినారు పక్కన లాడ్‌బజారులో లక్క కరిగించి, వేడి చల్లారకుండా ఒక్కొక్క రాయినీ గాజుకు అద్దేవారికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ అదే గాజు ముందు ఒక తార చెయ్యి ఫొటో పెట్టి 'రెట్రో స్టాక్' అన్నప్పుడు ఆ గుర్తింపు ఊసు ఎక్కడా ఉండదు. పాతకాలం మీద ప్రేమ ఉంటే ఆ పాతపనిని ఇప్పటికీ చేస్తున్నవాడి మీద కూడా ఉండాలి కదా!

ఇంత చెప్పాక, "అయితే పాతదంతా స్వచ్ఛం, కొత్తదంతా కల్తీ అంటావు" అని ఒక వ్యాఖ్య రానున్నదని నాకు తెలుసు. అనను. అసలు ఈ రెట్రో పిచ్చి మీద నా కోపానికి మూలం దానికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఆ పాతకాలంలో గాజు, బొట్టు, పువ్వు స్త్రీ ఇష్టాయిష్టాలకు సంబంధించినవి కావు. మొగుడున్నంతకాలం పెట్టుకుని తీరాలి, పోయిన పదోనాడు తీసి తీరాలి. గాజులు పగలగొట్టిన చేతులు మన ఇళ్ళలోనే, వంటింటి మూలల్లో, తెల్లచీర కొంగుల్లో దాక్కున్నాయి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి ఇంతకాలమైనా, శుభకార్యానికి పిలిచి, పసుపు కుంకుమల పళ్ళెం మాత్రం పక్క నుంచి తప్పించి తీసుకుపోవడం నేటికీ నేను కళ్ళారా చూస్తున్నాను. 'అమ్మమ్మ అందం' అని మనం ఫొటో దిగుతున్నాం సరే, ఆ అమ్మమ్మల్లో ఎందరికి ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే ఆ అందం నిషిద్ధమైపోయిందో ఆ ఫొటో చెప్పదు. రెట్రో అంటే గతం కాదు, గతంలోంచి బాధను వడకట్టి తీసిన పానకం.

నేను మాత్రం పవిత్రురాలిని కాను. కాలేజీ రోజుల్లో పెన్సిలు కాల్చి కళ్ళకు తోకలు దిద్దుకున్నదాన్నే. వాణిశ్రీ కొప్పు కోసం మా అమ్మ సవరం దొంగిలించినదాన్నే. అమ్మాయిలు ముస్తాబు కావడం తప్పని చెప్పే పెద్దమనుషుల గుంపులో నన్ను కలపవద్దు, వాళ్ళు వేరే, వాళ్ళ పని మళ్ళీ ఎప్పుడైనా పడతాను. ఎర్రని పెదవి కావాలనుకున్న పిల్ల నిక్షేపంగా ఎర్రగా దిద్దుకోవచ్చు. ఆ ఎరుపు తన ఇష్టమని చెప్పుకుంటే చాలు, నానమ్మ సాక్ష్యం దేనికి? అందులోనూ దొంగసాక్ష్యం!

పెళ్ళి మరునాడు పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, "మీ కాలం ఫొటో చూపించు" అని అడిగాను. పెట్టె అడుగున, పాత పంచాంగాల మధ్య దొరికింది. పన్నెండేళ్ళ పిల్ల, పూలజడ. జడ కూడా పడాలని స్టూడియోవాడు వెనుక నిలువుటద్దం పెట్టాడు. కాబట్టి అందులో ఇద్దరు పెద్దమ్మలున్నారు, ఒకరి ముఖమూ, ఇంకొకరి వీపూ. కళ్ళకు తోకలు లేవు. ఫొటోగ్రాఫరుకు భయపడి పెదవులు బిగబట్టింది.

"పరికిణీ ఏ రంగు పెద్దమ్మా?"

"వంకాయ రంగు. అంచు ఆకుపచ్చ." తడుముకోకుండా చెప్పింది.

"పెదవులకేమైనా రాశారా?"

నవ్వింది. "రాయడమేమిటే! బయలుదేరే ముందు మా అమ్మ తమలపాకులు నమిలించింది. ఎంత ఎర్రగా పండిందనుకున్నావ్! దోవంతా నాలుక చాపి చూసుకుంటూనే ఉన్నా."

ఫొటోలో నల్లగా పడింది.