పనికిరాని బండి

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనకి ఒక వరుస ఉంది. కూలి, భూమి, నీళ్లు, రేషను, ఆస్తి, హింస, చదువు. ఈ వరుసలోకి నేను ఒక బొమ్మ కారుని తెచ్చి పెడితే చాలామంది నవ్వుతారని తెలుసు. సుగ్గికి పోయి ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యే పడమటి కర్నూలులో కూర్చుని (మా వైపు పనుల కోసం ఇంటిల్లిపాదీ వలసపోవడాన్ని సుగ్గి అంటారు) ఈమెకి బొమ్మ కార్లు గుర్తొచ్చాయేమిటని అడుగుతారని కూడా తెలుసు. అయినా రాస్తున్నాను. ఈ చిన్న విషయంలో మన ఉద్యమాలు ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఒకటి ఉందని నా అభిప్రాయం.

పాత కార్లని ఇష్టపడటం, వాటి నమూనాలని చేత్తో కట్టడం చాలా దేశాల్లో పెద్ద వ్యాపకం. ఇందులో లెక్క ఉంటుంది. 1:24 అంటే అసలు బండిలో 24 అంగుళాలు ఉన్నది బొమ్మలో ఒక్క అంగుళం కావాలి. మనందరికీ తెలిసిన అంబాసిడర్ కారు సుమారు 4.3 మీటర్ల పొడవు. 1:24 లెక్కన అది 18 సెంటీమీటర్లు, 1:43 లెక్కన 10 సెంటీమీటర్లు, 1:64 అయితే 7 సెంటీమీటర్లలోపు. తలుపు, చక్రం, దీపం, స్టీరింగు అన్నీ అదే నిష్పత్తిలో తగ్గాలి. ఒక్కటి తప్పినా కన్ను పట్టేస్తుంది. ఉత్తరపారాలో 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయిన ఆ అంబాసిడర్ ఒకప్పుడు మా పల్లెల్లోకి వస్తే అధికారి వచ్చాడని అర్థం. ఇప్పుడది పాత కార్ల ప్రేమికుల అపురూప వస్తువు.

ఇదంతా పట్నంలో డబ్బున్నవాళ్ల వ్యవహారం కదా అంటారేమో. జొన్న కోతలయ్యాక హాలహర్వి మండలంలో ఏ ఊరికైనా వచ్చి చూడండి. పిల్లలు దంటు పైపెచ్చుని సన్నగా చీల్చి ఈనెలు చేస్తారు. లోపలి తెల్లటి బెండుని ముక్కలు కోస్తారు. బెండుకి ఈనెలు గుచ్చితే చట్రం తయారు. తెగిపోయిన హవాయి చెప్పుని గుండ్రంగా కోస్తే నాలుగు చక్రాలు. ఎడ్లబండి, ట్రాక్టరు, లారీ, జీపు... ఊళ్లోకి ఏది వస్తే దాని నమూనా వారం తిరక్కుండా వీధిలో తిరుగుతుంది. మట్టెద్దుల అమావాస్య నాడు ఇంటింటా మట్టితో ఎద్దులు చేసి పూజించే ప్రాంతం ఇది. పెద్దదాన్ని చిన్నదిగా చేసి చూసుకోవడం మాకు కన్నడ సీమ నుంచో, పట్నం నుంచో అరువు తెచ్చుకున్న విద్య కాదు.

కానీ ఆ చేసేవాళ్లు ఎవరు? మగపిల్లలు. ఆడపిల్లలు పక్కన నిలబడి చూస్తారు, చంకలో తమ్ముడినో చెల్లెలినో పెట్టుకుని.

రెండేళ్ల కింద మా మండలంలో ఒక ఊరి సంఘం మీటింగుకి పోయినప్పుడు పదకొండేళ్ల పిల్ల చేసిన జీపు చూశాను. ముందు ఇరుసుకి దారం కట్టి, ఆ దారాన్ని నిలువుగా పెట్టిన ఈనెకి చుట్టింది. ఈనె తిప్పితే చక్రాలు పక్కకి తిరుగుతాయి. ఇంత సరిగ్గా కొలతలు ఎట్లా వచ్చాయే అని అడిగితే, "జీపు టైరు నా నడుముకొస్తాదక్కా, దీని టైరు నా బొటనేలంత. తక్కినవన్నీ అదే లెక్కన తగ్గించినా" అంది. నిష్పత్తి అనే మాట ఆ పిల్లకి తెలియదు, నిష్పత్తి తెలుసు. మేం మాట్లాడుతుండగానే అవ్వ కేకేసింది. పిల్ల జీపుని గోడ వారన పెట్టి బిందె ఎత్తుకుంది. ఆమె నీళ్లు తెచ్చేలోపల అన్న దాన్ని తీసుకుపోయి వీధిలో తిప్పాడు. చూసినవాళ్లందరూ వాడి పనితనాన్నే మెచ్చుకున్నారు. వాడు కాదనలేదు.

తల్లితో ఈ మాట అంటే ఆమె నవ్వింది. "ఆడపిల్లకి జీపేమిటికక్కా? పెండ్లాయినాక అత్త దాన్ని చూసి సంగటి పెడతాదా?"

ఆమెని తప్పుపట్టి లాభం లేదు. ఆమె చెప్పింది మన సమాజం మొత్తం నమ్మే సూత్రం. ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చే ప్రతిదీ ఎవరికో ఒకరికి పనికిరావాలి. ఆడపిల్లలకి అభిరుచుల పేరుతో మనం ఏం నేర్పిస్తున్నామో చూడండి. కుట్లు, అల్లికలు, ముగ్గులు, ఊరగాయలు. అన్నీ మంచివే, అందమైనవే. కానీ కుట్టు కుట్టుకూలి మిగులుస్తుంది, ముగ్గు ఇంటికి శుభం తెస్తుంది, ఊరగాయ ఏడాది పొడుగునా కంచంలోకి వస్తుంది. అభిరుచి పేరుతో కూడా మనం ఇంటిపనినే ఇంకొంచెం ఇష్టంగా చేస్తున్నాం. జొన్న దంటు జీపు ఎవరికీ పనికిరాదు. దాన్ని చేసేవాళ్లకి ఆనందం ఇవ్వడం తప్ప అది చేసే పని లేదు. అందుకే అది మగపిల్లవాడికి దక్కుతుంది. ఏ పనికీ రాని పని చెయ్యగలిగే తీరికే వాడి ఆస్తి.

తీరిక ఎవరి దగ్గరుందో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019 కాల వినియోగ సర్వేలో, ఆరేళ్లు దాటినవాళ్లలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేశారు. ఆడవాళ్లది 289 అయింది. ఐదేళ్లలో పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపల చూస్తే మగవాళ్లది 88కి దిగింది! ఈ లెక్క ఆరేళ్ల వయసు నుంచి మొదలవుతుందన్నది గమనించండి. బిందె ఎత్తుకుపోయిన ఆ పిల్ల కూడా ఇలాంటి లెక్కలోదే.

యంత్రం మగవాడిది అనే భావజాలం ఎంత కృత్రిమమో బొమ్మ కార్ల చరిత్రలోనే కనిపిస్తుంది. 1950ల మొదట్లో లండన్‌లో జాక్ ఓడెల్ అనే బొమ్మల తయారీదారు ఉండేవాడు. ఆయన కూతురి బడిలో, తెచ్చుకునే బొమ్మ అగ్గిపెట్టెలో పట్టాలని నియమం. ఆయన ఇత్తడితో ఒక బుల్లి రోడ్డు రోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. బడిలో పిల్లలందరూ కావాలన్నారు. 1953లో అంగట్లోకి వచ్చిన మ్యాచ్‌బాక్స్ కార్లకి మూలం అదే. ఒక ఆడపిల్ల కోసం పుట్టిన బొమ్మ అది! కాలక్రమంలో అవే కార్లు మగపిల్లల అరలోకి ఎక్కాయి. అమెరికాలో ఒకే కంపెనీ, మాటెల్, 1959లో బార్బీ బొమ్మనీ 1968లో హాట్‌వీల్స్ కార్లనీ తెచ్చింది. ఒకటి అలంకరించుకోవడం నేర్పేది, రెండోది పరుగెత్తడం నేర్పేది. ఏది ఎవరికో వేరే చెప్పాలా?

అసలు కార్ల సంగతీ అంతే. కారు కనిపెట్టినవాడిగా కార్ల్ బెంజ్ పేరు పిల్లలు చదువుకుంటారు. ఆయన కార్ఖానా అప్పుల్లో పడినప్పుడు, పెళ్లికి ముందే, తన కట్నాన్ని తెప్పించి దాన్ని నిలబెట్టింది బెర్తా. 1886లో పేటెంటు కార్ల్ పేరు మీద వచ్చింది. బండి మాత్రం అమ్ముడుపోలేదు, జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకి పైగా నడిపింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. దారిలో మందుల షాపులో ఇంధనం కొన్నది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించింది. ఆడదాని కట్నం, ఆడదాని ధైర్యం, దళిత స్త్రీలకి బాగా తెలిసిన తోలుపని. మోటారు కారు చరిత్రలో ఇవన్నీ ఉన్నాయి.

ఆ తర్వాత ఆడవాళ్లకి మిగిలింది పేర్లు. మెర్సిడెస్ అనేది ఎమిల్ ఎల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరు. 1970ల నుంచి శతాబ్దం చివరిదాకా బొంబాయిలో తయారైన మన ఫియట్‌కి పద్మిని అని పెట్టారు, మంటల్లో దూకిందని కథల్లో చెప్పే రాణి పేరు. బానెట్టు మీద ఆడ పేరు, స్టీరింగు వెనక మగ చెయ్యి. జీపులూ ఆటోలూ ట్రాక్టర్లూ ఇన్ని తిరిగే మా మండలంలో నేను తిరిగినంతలో వాటిని నడిపే ఆడమనిషి నాకు కనిపించలేదు. మిరపకోతలకి జీపులో కిక్కిరిసి పోయేవాళ్లలో మాత్రం సగానికి పైగా ఆడవాళ్లే.

మన తెలుగునాట ఈ పిచ్చికి పెద్ద ఉదాహరణ హైదరాబాదులో జూపార్కు దగ్గర 2010లో తెరిచిన సుధా కార్ల మ్యూజియం. కె. సుధాకర్ బడిరోజుల నుంచీ పాత ఇనుముతో బండ్లు చేస్తూ వచ్చారు. 2005లో ఆయన చేసిన ట్రైసైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్‌లోకి ఎక్కింది. క్రికెట్ బ్యాటు, బర్గరు, పుస్తకం ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. ఆ చేతిపనికి నేను దణ్ణం పెడతాను. తుక్కులోంచి అంత తెచ్చినవాళ్లు అరుదు. అయితే 2012 మహిళా దినోత్సవానికి ఆయన చేసినవి ఎత్తు మడమ చెప్పు, హ్యాండ్‌బ్యాగు లాంటి ఆకారాల్లో కార్లు. గౌరవించాలనే చేశారు, సందేహం లేదు. ఆడవాళ్లకి కారంటే ఏ ఆకారం ఇవ్వాలని ఆలోచిస్తే ఎవరికైనా మొదట తోచేది అదే అన్నదే నా బాధ. తుక్కు కుప్ప ముందు స్పానరు పట్టుకుని కూర్చున్న పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఎవరి ఊహలోకీ రాదు. అలాంటి పిల్లని మనం ఎన్నడూ చూడలేదు కాబట్టి.

ఆడపిల్లల వేళ్లకి అంత సున్నితమైన పని రాదు అనగలరా? మా జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే మడుల్లో ఏళ్లతరబడి చిన్న ఆడపిల్లలనే పనికి పెట్టుకున్నారు. సాయంత్రం ఒక్కో మొగ్గలోంచి కేసరాలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున ఇంకో పువ్వు పుప్పొడి అద్దాలి. వేళ్లు చిన్నవి, ఓపిక ఎక్కువ, కూలి తక్కువ అని యజమానులు చెప్పుకునేవాళ్లు. పువ్వు చిదిమే పనికి సరిపోయిన ఆ వేళ్లు, బెండుకి ఈనె గుచ్చడానికి మాత్రం ఆడపిల్ల వేళ్లయిపోతాయి.

మగపిల్లలందరూ హాయిగా ఆడుకుంటున్నారని నేను అనడం లేదు. ఆదోని మెకానిక్ షెడ్లలో గ్రీజు పూసుకున్న చిన్న కుర్రాళ్లని చూస్తుంటాం. వాడికి స్పానరు ఆట కాదు, అన్నం. పేదింటి మగపిల్లవాడి ఆట కూడా పది పన్నెండేళ్లకే ముగుస్తుంది. ఆడపిల్లది అసలు మొదలు కాదు.

చట్టం దగ్గరకి వస్తే, ఇది మన కోరికల పట్టికలో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. పిల్లల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతినీ ఆటనీ హక్కుగా చెప్పింది. మన దేశం 1992లో అందులో చేరింది. స్త్రీల మీద అన్ని రకాల వివక్షనీ రూపుమాపే ఒడంబడికని 1993లో ఆమోదించింది. దాని 13వ అధికరణంలో కుటుంబ ప్రయోజనాలు, బ్యాంకు అప్పులతో పాటు మూడోది వినోదం, క్రీడలు, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు. మొదటి రెంటి గురించీ మనం ఎన్ని శిక్షణా తరగతులు పెట్టాం! అప్పుల గురించయితే మన పొదుపు సంఘాల్లో ఇంక మాట్లాడని మాట లేదు. మూడోది చదివి పేజీ తిప్పేస్తాం.

ముందు నీళ్లు రానీ, ఆటలు తర్వాత చూద్దాం అని మా కార్యకర్తలే అంటారు. నీళ్లు ఇంటి దగ్గరికి వస్తే మిగిలే గంట ఎవరి చేతిలోకి పోతుంది? మనం ముందే ఆ గంట ఆడపిల్లది అని చెప్పకపోతే ఇంకో పని దాన్ని మింగేస్తుంది. కొళాయి వచ్చిన వీధుల్లో నేను చూసింది అదే. బిందె పోయింది, గొర్రెపిల్లల మేత వచ్చింది.

అందుకని మా సంఘం పిల్లల కేంద్రంలో ఒక పెట్టె పెట్టాం. చిన్న కత్తి, రంపం, తీగ, జిగురు, పాత చెప్పులు, సోడా మూతలు, దంట్లు. వారానికి రెండు సాయంత్రాలు. ఆ సమయంలో చంకలో పిల్లలతో వచ్చిన ఆడపిల్లల దగ్గర్నించి ఆ పిల్లల్ని మేం ఎత్తుకుంటాం. ఇదే అన్నిటికన్నా కష్టమైన పని, పెట్టెకయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోది కాదు. ఇద్దరు తల్లులు వచ్చి పోట్లాడారు. ఒకామె పోట్లాడి, వెళ్లేముందు పెట్టెలోంచి కత్తి తీసి చేత్తో బరువు చూసి మళ్లీ పెట్టింది.

వచ్చే జనవరిలో మండలాఫీసుకి ఇచ్చే మహజరులో కస్తూర్బా విద్యాలయాల్లోనూ సుగ్గి పిల్లల సీజనల్ హాస్టళ్లలోనూ ఇట్లాంటి పెట్టె, ఆడపిల్లల పేరున రోజుకి ఒక గంట కావాలని రాయించాలని నా పట్టు. చివరి అంశంగా రాద్దామని కొందరు, అసలు రాస్తే ఎమ్మార్వో నవ్వుతాడని కొందరు. నేను రెండో అంశంగా, నీళ్ల తర్వాత వెంటనే రాయమంటున్నాను. దీని మీద ఇంకో మీటింగు ఉంది.