జల్దీ అనే నష్టం సౌదా

"జర తేజ్ నడిపాడు, అంతే కదా భాయ్!" రోడ్డు మీద హాద్సా జరిగిన ప్రతిసారీ మన మొహల్లాల్లో వినిపించే మాట ఇది. ఆ 'జర' అనే లఫ్జ్ మీదే నా ఏతరాజ్.

బండికి ఉండే గతిశక్తి వేగంతో సమానంగా పెరగదు. వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే ఆ తాఖత్ నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. 18వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండ్ ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద పడేసి ఈ సంగతి సాబిత్ చేశాడు. రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతు గుంట చేసింది. ఆ మట్టి ఉన్నచోట మనిషి ఒళ్లుందనుకోండి.

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడమంటే మూడున్నర మీటర్ల ఎత్తునుంచి కిందపడ్డట్టే. 60 అయితే 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడ. 120 అయితే 56 మీటర్లు దాటుతుంది. చార్మినార్ మినార్ పైనుంచి దూకినట్టు! అంత ఎత్తున నిలబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. బండి మీద ఆ లోతు కనిపించదు కాబట్టి మజా అనిపిస్తుంది.

ఇక ఫాయిదా హిసాబ్ చూద్దాం. దారి 10 కిలోమీటర్లు. స్పీడు 40 నుంచి 60కి పెంచితే 5 నిమిషాలు మిగులుతాయి. 60 నుంచి 80కి పెంచితే రెండున్నర, 80 నుంచి 100కి ఒకటిన్నర. గతిశక్తి సంగతి ఉల్టా. 100 దగ్గర దాన్ని వంద పాళ్లనుకుంటే 40 దగ్గర 16, 60 దగ్గర 36, 80 దగ్గర 64. బ్రేకు పట్టాక బండి ఆగే దూరమూ దాదాపు ఇదే లెక్కన పెరుగుతుంది. మిగిలేది తగ్గుతూ కీమత్ పెరిగే ఇలాంటి సౌదా ఏ దుకాణ్‌దార్ అయినా చేస్తాడా? పైగా ఆ కీమత్ చాలాసార్లు రోడ్డు దాటుతున్న బేకసూర్ మనిషి చెల్లిస్తాడు.

మన పిల్లలు ఈ సూత్రాన్ని హైస్కూల్లో చదివి, సవాల్‌కి జవాబ్ రాసి మర్చిపోతారు. లైసెన్సుకేమో గుర్తులు చెప్పి, ఎనిమిది అంకెలా బండి తిప్పితే చాలు. ఈ నాలుగింతల లెక్క కూడా అక్కడ అడగాలన్నది నా రాయ్. అంతకంటే ముందు, కొడుకు షౌక్ తీర్చడానికి బండి కొనిచ్చే అబ్బాజాన్‌లు తాళం చేతికిచ్చే రోజే అడగాలి. హాద్సా తర్వాత కిస్మత్‌ను తిట్టుకోవడం ఆసాన్. యాక్సిలరేటర్ తిప్పింది మాత్రం కిస్మత్ కాదు భాయీ.