వాదమెప్పుడు? మౌనమెప్పుడు?

కోనసీమకు ముఖద్వారమైన మా రావులపాలెంలో ఆలయఘంట, చర్చిగంట ఒకే ప్రభాతంలో వినిపిస్తాయి. కొన్నేళ్ల క్రితం ఒక క్రైస్తవ మిత్రునితో విగ్రహారాధనపై నాకు వాదం జరిగింది. ఆయన అరటిగెలల వ్యాపారి. మన శాస్త్రాలతో పరిచయం లేనివారు. శ్లోకం వెంట శ్లోకం చదివి ఆయనను నిరుత్తరుణ్ణి చేశాను. ఆ తరువాత ఆయన మా అరుగుమీద కూర్చోలేదు. విగ్రహంలోని దైవాన్ని ఆయనకు చూపలేకపోయాను. నాలోని అహంకారాన్ని మాత్రం చూపగలిగాను.

వాదం భక్తునికి తగదని నారదభక్తిసూత్రాల ఆదేశం. వాదించేవారిలోని వాదం తానేనని విభూతియోగంలో భగవద్వచనం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలా? న్యాయసూత్రాలు ఈ సందేహాన్ని తీరుస్తాయి. తత్త్వనిర్ణయం కోసం ప్రమాణ తర్కాలతో సాగేది వాదం. విజయమే లక్ష్యంగా ఛలాదులను సైతం ప్రయోగించేది జల్పం. స్వపక్షస్థాపన లేకుండా పరపక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. భగవద్విభూతి మొదటిది. నారదమహర్షి వారించినది, నా అవగాహనలో, వాదమనే పేరుతో చెలామణి అయ్యే తక్కిన రెండింటినే.

నా మిత్రుని పవిత్రగ్రంథంలోనూ ఈ వివేకమే ఉంది. బైబిలులోని సామెతల గ్రంథం 26వ అధ్యాయంలో 4వ వచనం మూఢునికి ప్రత్యుత్తరమివ్వవద్దంటుంది, ఇస్తే మనమూ అతనివంటివారమే అవుతామని. వెంటనే 5వ వచనం ఇవ్వమంటుంది, లేకుంటే అతడు తాను జ్ఞానినని భ్రమిస్తాడని. ఇది విరోధం కాదు. సందర్భాన్ని గుర్తించే బాధ్యతను మనకే అప్పగించడం. యేసు సైతం తనను కొట్టిన బంట్రౌతును కారణమడిగాడు. పిలాతు ఎదుట మోపిన నేరాలకు మాత్రం మౌనమే వహించాడు.

కనుక సాధకుడు నోరు విప్పే ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి: ఎదుటివారి మాట సత్యమని తేలితే స్వీకరించగలనా? స్వీకరించగలిగితే వాదించవచ్చు. లేనిపక్షంలో మౌనమే శ్రేయస్కరం. అయితే అసత్యంవల్ల అమాయకులకు హాని కలుగుతున్నప్పుడు వహించే మౌనం సాత్త్వికం కాదు, తామసికం. అక్కడ మాట్లాడితీరాలి, అదీ ద్వేషరహితంగా.

ఆలస్యంగానైనా మిత్రుని ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాను. ఈసారి శ్లోకమేదీ చదవలేదు. "ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు మీ మనసు దేనిపై నిలుస్తుందండీ?" అని మాత్రం అడిగాను. ఆయన చాలాసేపు చెప్పారు. నేను విన్నాను. న్యాయశాస్త్రం చెప్పిన అర్థంలో మా మధ్య జరిగిన మొదటి వాదం అదే.