ఒక్క ‘లో’కు మూడు ఇంగ్లీషు మాటలు



బిడ్డలు బడినుండి వచ్చి ఇంగ్లీషున మాటలాడుచుండగా, చదువెరిగిన తల్లులే వారి యెదుట నోరు విప్ప జంకుట మన విశాఖపట్టణమున పెక్కిండ్ల గానవచ్చుచున్నది. పెద్ద మాటలు వారికి వచ్చును. వానిముందు నుంచవలసిన చిన్న మాటలే తప్పిపోవునేమో యని భయము. టెలివిజనును, సినిమాలను గూర్చి ముచ్చటించునపుడు వచ్చు అట్టి మాటలను ఈ మాసమున విచారింతము.

తెలుగున విభక్తి పదమునకు వెనుక చేరును. ఇంగ్లీషున ముందు నిలుచును. మనము ‘టీవీలో వచ్చినది’, ‘సినిమాలో నటించినది’, ‘హాలులో చూచితిమి’ అని యొక్క ‘లో’తోనే పని గడుపుకొందుము. ఇంగ్లీషువారు ఆ పనిని ఆన్, ఇన్, ఎట్ అను మూటికి పంచిరి.

విశాఖ, భీమునిపట్టణముల సముద్రతీరమున చిత్రీకరింపబడి 1978లో విడుదలయైన ‘మరోచరిత్ర’నే తీసికొందము. అందు సరిత నాయిక. కథను ఒక యిల్లుగా భావింపుడు. పాత్రలు దాని లోపల నుందురు. కావున ‘సరిత ఈజ్ ఇన్ ద ఫిల్మ్’ అనవలెను. ఆ చిత్రమే టీవీలో ప్రసారమైనచో ‘ఆన్ టీవీ’. ఛానలు పేరునకును ఆన్ అనియే చెప్పవలెను. ‘ఇన్ ద టీవీ’ యనినచో పెట్టె లోపల బల్లి దూరినదేమో యని వినువారు తలంతురు. తెరకు ‘ఆన్ ద స్క్రీన్’. మనమును ‘తెరమీద’ అనియే యందుము గదా!

ఇక హాలు సంగతి. జగదాంబ కూడలికి పేరు దెచ్చిన సినిమాహాలుకడ కలసికొందమనుటకు ‘ఎట్ జగదాంబ’ అనవలెను. అచట స్థలమే ముఖ్యము. లోపల చీకటిగా నున్నదనుటకు ‘ఇన్ ద థియేటర్’ తగును.

సీరియలునకును ఇదే న్యాయము: ‘షీ యాక్ట్స్ ఇన్ ఎ సీరియల్ ఆన్ ఈటీవీ.’ ఆమె కథలో నున్నది, కథ ఛానలుపై వచ్చుచున్నది. దర్శకుని పేరునకు ముందు ‘బై’: ‘ఎ ఫిల్మ్ బై బాలచందర్.’ కథావిషయమునకు ‘అబౌట్’.

రాత్రి భోజనానంతరము, చూచిన చిత్రమును గూర్చి రెండు వాక్యములు బిడ్డలతో ఇంగ్లీషున చెప్పుడు. తప్పినచో వారిచేతనే దిద్దించుకొనుడు. అందు చిన్నతన మేమియు లేదు. అదే చిత్రకథను వారిచేత తెలుగున చెప్పించి, వారి తప్పులను మీరు దిద్దుడు. తల్లి మౌనము వహించిన యింట బిడ్డలకు ఇంగ్లీషు అబ్బవచ్చును గాని, తల్లితో ముచ్చట కరవగును.

రాబోవు మాసమున, కాలమును దెలుపు చిన్న మాటలను గూర్చి వ్రాసెదము.